సర్వర్ ఓఎస్ కి గడువు తేదీ ఉంటుందండి, అది కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న మీ పేపర్ బిజినెస్ పేజీలో మన దేశం వెబ్‌సైట్లకి ఏ సర్వర్ ఓఎస్ ఎక్కువ వాడుతున్నారు అని ఒక చిన్న ఐటమ్ వేశారు. సర్వర్ అంటే సైటుని జనానికి అందించే కంప్యూటర్, ఓఎస్ అంటే దాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్. పక్కన గుండ్రంగా ఒక బొమ్మ, అందులో లైనక్స్ ది పెద్ద ముక్క విండోస్ ది చిన్న ముక్క, కింద రెండు లైన్లు, అంతే. నేను వైజాగ్ లో ఇదే పని చేస్తుంటానండి, ద్వారకానగర్ లో చిన్న ఆఫీసు, స్కూళ్ళు, నర్సింగ్ హోములు, ట్రావెల్స్ వాళ్ళు, లాడ్జిలు, రొయ్యల ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్ళు, ఇలాంటి వాళ్ళ సర్వర్లు చూసుకోవడం మా పని, అందుకే ఆ బొమ్మ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. లెటర్ పొడుగైతే కత్తిరించుకోండి, గడువు తేదీల గురించి రాసింది మాత్రం ఉంచండి, దాని కోసమే కూర్చుని టైప్ చేస్తున్నాను.

మీరు వేసిందాంట్లో తప్పేం లేదు. లైనక్స్ దే పెద్ద ముక్క, మన దేశంలో అయినా బయట అయినా అంతే. ప్రపంచంలో ఒక పది వెబ్‌సైట్లు తీస్తే ఎనిమిదికి తగ్గకుండా యూనిక్స్ అనే పాత ఓఎస్ కుటుంబానికి చెందిన వాటి మీదే నడుస్తుంటాయి, అందులోనూ ఎక్కువ భాగం లైనక్సే. 1991 ఆగస్టులో హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు నేనో ఓఎస్ రాస్తున్నాను, హాబీ కోసమే, పెద్దదేమీ కాదు అని చెప్పుకుని మొదలుపెట్టింది అది. ఇవాళ మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉండేదీ దాని కెర్నలే, అంటే ఓఎస్ గుండెకాయే, 2017 నవంబర్ నుంచి ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లు 500 కి 500 నడుస్తున్నదీ దాని మీదే. కాబట్టి లైనక్స్ గెలిచింది అన్నది వార్తగా చాలా పాతదండి, పదేళ్ళ కిందట వేసినా అదే బొమ్మ వచ్చేది కొంచెం అటూఇటూగా.

మన దగ్గర ఎందుకింత ఎక్కువైంది అంటే పెద్ద సిద్ధాంతాలేం లేవు, ముందు డబ్బులు. విండోస్ సర్వర్ కి లైసెన్స్ కొనాలి, ప్రాసెసర్ లో ఎన్ని కోర్లు ఉన్నాయో లెక్కేసి, సర్వర్ చిన్నదైనా సరే కనీసం 16 కోర్లకి కట్టాలి. లైనక్స్ లో డెబియన్ గానీ ఉబుంటు గానీ పెట్టుకుంటే ఓఎస్ కి పైసా కట్టక్కర్లేదు. దాని మీద సైటు నడపడానికి కావాల్సిన అపాచీ లేదా ఎన్జింక్స్, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ, వర్డ్‌ప్రెస్ అన్నీ ఫ్రీగా వస్తాయి, పైగా తక్కువ రేటుకి షేర్డ్ హోస్టింగ్ అమ్మేవాళ్ళు దాదాపు అందరూ సీప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్ పెట్టి అమ్మేది లైనక్స్ మీదే. అందుకని లాడ్జి ఓనర్ నాకు ఒక సైటు కావాలండి అన్నాడంటే ఆయనకి తెలియకుండానే లైనక్స్ వాడేస్తున్నట్టు. ఇంకోటి మా వైజాగ్ కి సంబంధించింది, 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్. అప్పటిదాకా ఆఫీసులో ఒక మూల ఏసీ పెట్టి సర్వర్ పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉండేవారు, రోజుల తరబడి కరెంటు లేక ఫోన్లు లేక నెట్ లేక ఆ సర్వర్లు అలా పడుంటే వ్యాపారం ఆగిపోయింది, ఆ దెబ్బతో నాకు తెలిసిన చాలామంది క్లౌడ్ కి, అంటే వేరే కంపెనీ అద్దెకిచ్చే సర్వర్లకి, వెళ్ళిపోయారు. క్లౌడ్ లో విండోస్ మెషీన్ తీసుకుంటే గంటకి పడే రేటులో లైసెన్స్ డబ్బులు కూడా కలిపే ఉంటాయి, లైనక్స్ ది అదే సైజు మెషీన్ అంతకంటే తక్కువ, ఇక ఎవరైనా ఏది తీసుకుంటారు.

విండోస్ గట్టిగా నిలబడిన చోటు గవర్నమెంటు ఆఫీసులు, కాలేజీలు, కోఆపరేటివ్ సొసైటీలు. అడ్రస్ బార్ లో పేజీ పేరు చివర డాట్ ఏఎస్‌పీఎక్స్ అని కనపడిందంటే అది మైక్రోసాఫ్ట్ టెక్నాలజీతో రాసింది, దాదాపుగా విండోస్ సర్వర్ మీదే ఉంటుంది, అలాంటి గవర్నమెంటు సైట్లు మీకు బోలెడు కనిపిస్తాయి. ఆ రోజుల్లో టెండర్లు వేసిన కంపెనీలకి వీబీ, తర్వాత డాట్‌నెట్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ పద్ధతులు వచ్చిన కుర్రాళ్ళు తేలిగ్గా దొరికేవారు, వాళ్ళకి తెలిసిందాంట్లో రాశారు, అందులో తప్పు పట్టడానికేం లేదు. అప్పట్లో డాట్‌నెట్ లో రాస్తే దాదాపుగా విండోస్ తప్ప దారి లేదు. 2016 లో డాట్‌నెట్ కోర్ వచ్చి అది లైనక్స్ మీద కూడా నడుస్తోంది, 2017 నుంచి మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా లైనక్స్ మీద పెట్టుకోవచ్చు. 2001 లో మైక్రోసాఫ్ట్ అధిపతిగా ఉన్న స్టీవ్ బాల్మర్ లైనక్స్ ని క్యాన్సర్ తో పోల్చాడు, మన హైదరాబాద్ లో పుట్టిన సత్య నాదెళ్ళ గారు వచ్చాక 2014 లో మైక్రోసాఫ్ట్ కి లైనక్స్ అంటే ప్రేమ అని స్టేజ్ మీదే చెప్పారు, ఇప్పుడు వాళ్ళ అజ్యూర్ క్లౌడ్ లో సగానికి పైగా నడిచేది లైనక్సే. అంటే ఆ రెండు జెండాల గొడవ ఎప్పుడో చల్లారిపోయింది, ఇంకా ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అని బొమ్మలు గీసుకుంటే మనకి ఒరిగేదేంటి అన్నదే నా బాధ.

అసలు ఆ లెక్క ఎలా వస్తుందో కూడా మీ పాఠకులకి తెలియాలండి. మన దేశం వెబ్‌సైట్ అంటే ఏది? పేరు చివర డాట్ ఇన్ ఉన్నదా, లేకపోతే తెలుగు లిపిలోనే డాట్ భారత్ అని కూడా రిజిస్టర్ చేసుకోవచ్చు అది ఉన్నదా, లేక సర్వర్ మన దేశంలో ఉన్నదా, లేక ఓనర్ మనవాడైతే చాలా? జగదాంబ సెంటర్ లో చీరల షాపు ఉందనుకోండి, సైటు పేరు డాట్ కామ్, సర్వర్ సింగపూర్ లోనో అమెరికాలోనో ఉంటుంది, డాట్ ఇన్ లెక్కేసేవాడు దాన్ని వదిలేస్తాడు, ఐపీ అడ్రస్ చూసి దేశం లెక్కేసేవాడూ వదిలేస్తాడు. అమెజాన్ వాళ్ళు 2016 లో ముంబైలో, 2022 లో హైదరాబాద్ లో సెంటర్లు తెరిచాక బయట ఉన్న మన సైట్లు కొన్ని ఇటు వచ్చాయి, అలా వచ్చినప్పుడల్లా ఇండియా లెక్క మారుతుంది, ఎవరూ ఓఎస్ మార్చకపోయినా సరే.

ఇక ఓఎస్ ఏదో బయటినుంచి ఎలా కనిపెడతారంటే, చాలా సర్వర్లు పేజీతో పాటు తమ పేరు కూడా పంపిస్తాయి, నేను అపాచీ, ఉబుంటు మీద ఉన్నాను అనో, నేను ఐఐఎస్ 8.5 అనో. ఐఐఎస్ అనేది మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్, 8.5 అంటే అది విండోస్ సర్వర్ 2012 ఆర్2, 6.0 అంటే 2003. ఆ పేరు దాచేసినా ఇంకో గుర్తు ఉంటుంది, పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని సర్వర్ ని పలకరిస్తే, వచ్చే జవాబులో టీటీఎల్ అని ఒక నంబర్ ఉంటుంది చూడండి, లైనక్స్ మామూలుగా 64 తో మొదలుపెడుతుంది విండోస్ 128 తో, దారిలో ఒక్కో రౌటర్ దగ్గర ఒకటి తగ్గుతూ వస్తుంది, కాబట్టి మనకి 50 చిల్లర కనపడితే లైనక్స్ అనీ 110 చిల్లర కనపడితే విండోస్ అనీ అంచనా. నెట్‌క్రాఫ్ట్ అనే ఇంగ్లండ్ కంపెనీ 1995 నుంచి ఇలాంటి సర్వేలు చేస్తోంది, డబ్ల్యూ3టెక్స్ అని ఇంకొకరు చేస్తారు, ఇద్దరి పద్ధతి వేరు ఇద్దరి లెక్క వేరు. ఇప్పుడు చాలా సైట్లు సైటుకి ముందు కాపలాగా నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ లాంటి వాటి వెనక ఉంటున్నాయి, బయటినుంచి చూసేవాడికి క్లౌడ్‌ఫ్లేర్ మాత్రమే కనిపిస్తుంది, వెనక ఆఫీసులో నడుస్తున్నది ఏ కాలం నాటి మెషీనో ఎవడికీ తెలియదు.

దీని మీద ఒక పాత సంగతి చెప్తాను. 2006 లో గోడాడీ అనే అమెరికా కంపెనీ తన దగ్గర జనం పేర్లు కొని పెట్టుకుని పేజీలేమీ పెట్టని సైట్లు, వాటిని పార్క్ చేసిన డొమైన్లు అంటారు, అవి లక్షల్లో ఉంటే అన్నిటినీ ఒక్కసారి లైనక్స్ నుంచి విండోస్ సర్వర్ 2003 కి మార్చేసింది. ఆ నెల నెట్‌క్రాఫ్ట్ లెక్కలో విండోస్ ఒక్కసారి పైకి లేచింది, అపాచీ పడింది. ప్రపంచంలో మామూలు జనం ఎవరూ ఏమీ మార్చుకోలేదు, ఒక్క కంపెనీ ఖాళీ సైట్లని అటునుంచి ఇటు మార్చింది అంతే, కానీ పత్రికల్లో మాత్రం విండోస్ పుంజుకుంటోంది అని వచ్చింది. అందుకని శాతాలు వేసేటప్పుడు ఎవరు లెక్కేశారు, వేటిని లెక్కేశారు అన్న ఒక్క లైన్ అయినా కింద వేయండి సార్.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మందుల షాపులో ఏ కంపెనీ టాబ్లెట్ ఎక్కువ అమ్ముడుపోతోందో మనం అడగం, స్ట్రిప్ వెనక తిప్పి తేదీ చూస్తాం. ఓఎస్ కి కూడా అలాంటి తేదీ ఉంది. తయారుచేసినవాళ్ళు ఫలానా తేదీ దాకా లోపాలు బయటపడితే ప్యాచ్, అంటే సరిచేసే అప్‌డేట్, ఇస్తాం అని ముందే ప్రకటిస్తారు, ఆ తేదీ దాటాక కొత్త కన్నం బయటపడితే అది అలా తెరిచే ఉంటుంది. విండోస్ సర్వర్ 2003 కి 2015 జులై 14 తో ఐపోయింది. 2008 కి, 2008 ఆర్2 కి 2020 జనవరి 14. 2012 కి, 2012 ఆర్2 కి 2023 అక్టోబర్ 10. తర్వాత కొన్నాళ్ళు డబ్బు కడితే ప్యాచ్ లు ఇచ్చారు, ఎంతమంది కట్టుంటారు చెప్పండి.

లైనక్స్ అయితే ఈ గొడవ లేదు అనుకునేవాళ్ళు మా ఫీల్డ్ లోనే చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం సెంట్ఓఎస్ సంగతి రాయాలి. రెడ్ హ్యాట్ డబ్బులకి అమ్మే లైనక్స్ కి సరిసమానంగా ఉచితంగా వచ్చేది సెంట్ఓఎస్, మన దేశంలో హోస్టింగ్ కంపెనీలు కాలేజీలు ఆఫీసులు దాన్నే వాడేవారు, ఎవరి సర్వర్ తెరిచినా అదే. సెంట్ఓఎస్ 8 కి 2029 దాకా సపోర్ట్ ఉంటుందని నమ్మి అందరూ పెట్టుకున్నారు, 2020 డిసెంబర్ లో రెడ్ హ్యాట్ వాళ్ళు లేదండి 2021 డిసెంబర్ 31 తో ఆపేస్తున్నాం అన్నారు, ఎనిమిదేళ్ళు ఉంటుందనుకున్నది ఏడాదికి వచ్చేసింది. కోపంతో కొంతమంది కొత్తవి తయారుచేశారు, సెంట్ఓఎస్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ రాకీ లైనక్స్ అని, క్లౌడ్‌లైనక్స్ అనే కంపెనీ ఆల్మాలైనక్స్ అని, రెండూ 2021 లో వచ్చాయి, రెండూ ఫ్రీ, రెండూ బాగుంటాయి. అంతకుముందుదైన సెంట్ఓఎస్ 7 కి మాత్రం 2024 జూన్ 30 దాకా టైమ్ ఇచ్చారు, ఆ తేదీ కూడా దాటిపోయింది. ఇప్పటికీ సెంట్ఓఎస్ 7 మీద నడుస్తున్న సైట్లు మా చుట్టూనే ఉన్నాయి, మీ బొమ్మలో అవి కూడా లైనక్స్ పెద్ద ముక్కలోనే కలిసిపోయాయి. నిన్న అప్‌డేట్ చేసిన డెబియన్, ఎవరూ పట్టించుకోని సెంట్ఓఎస్ 7 రెండూ ఒకే రంగులో ఉన్నాయి ఆ బొమ్మలో, నాకు బాధేసింది అక్కడే.

దీనివల్ల ఏమవుతుందో నేను కళ్ళారా చూస్తుంటాను. ఒక కాలేజీ, పేరు వద్దు, సైటు పేరు గూగుల్ లో కొడితే అడ్మిషన్ల కింద పందేల యాప్ ల పేజీలు, క్యాసినో పేజీలు వచ్చేవి, మామూలుగా సైటు తెరిస్తే ఏమీ కనిపించవు, గూగుల్ నుంచి వచ్చినవాళ్ళకే కనిపించేలా పెట్టారు. కాలేజీ వాళ్ళకి నెలల తరబడి తెలియదు, ఒక పేరెంట్ ఫోన్ చేసి అడిగితే తెలిసింది. లోపలికెళ్ళి చూస్తే సపోర్ట్ ఎప్పుడో ఐపోయిన ఓఎస్, దాని మీద పాత పీహెచ్‌పీ, దాని మీద ఎవరో పెట్టి వెళ్ళిపోయిన వర్డ్‌ప్రెస్, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఊళ్ళో లేడు. ఇలా డాట్ ఏసీ డాట్ ఇన్, డాట్ జీఓవీ డాట్ ఇన్ సైట్లలో పందేల లింకులు దూర్చడం మన దేశంలో చాలా మామూలైపోయింది, ఎందుకంటే ఆ పేర్లకి గూగుల్ దగ్గర విలువ ఎక్కువ. అక్కడితో ఆగినా అదృష్టమే, అదే మెషీన్ లో పిల్లల ఆధార్ కాపీలు, ఫీజు కట్టిన వివరాలు కూడా ఉంటాయి.

2017 మే 12 న ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి, పేపర్లలో వచ్చింది. అవి ఆఫీసు కంప్యూటర్లు, వెబ్ సర్వర్లు కావు, కానీ పాఠం అదే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది 2017 మార్చి 14 న. రెండు నెలల టైమ్ ఉంది, వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. అలాగని లైనక్స్ వైపు కన్నాలు ఉండవా అంటే ఉంటాయి, 2014 ఏప్రిల్ లో హార్ట్‌బ్లీడ్, అదే ఏడాది సెప్టెంబర్ లో షెల్‌షాక్, రెండూ లైనక్స్ సర్వర్లని గడగడలాడించినవే. 2024 మార్చిలో అయితే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ లో, ఫైళ్ళు కుదించడానికి వాడేది, ఒక మనిషి ఏళ్ళ తరబడి మంచివాడిలా పనిచేసి నమ్మకం సంపాదించి దొంగ దారి పెట్టేశాడు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని మైక్రోసాఫ్ట్ లో పనిచేసే ఇంజనీర్, సర్వర్ లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటి అని అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. అది ఇంకా టెస్టింగ్ వెర్షన్లలోనే ఉండగా దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ దేశంలో సగం సర్వర్లకి తాళం లేనట్టే. అర సెకను తేడా గమనించే మనిషి ఉన్నాడు కాబట్టి కాపాడబడ్డాం, మరి మన మున్సిపాలిటీ సైటుకి, మన కాలేజీ సైటుకి కనీసం నెలకోసారి లాగిన్ అయి చూసే మనిషి ఉన్నాడా?

మా వాళ్ళలో ఇంకో అలవాటు ఉంది, మా సర్వర్ మూడేళ్ళుగా ఒక్కసారి కూడా రీబూట్ చెయ్యలేదండి అని గొప్పగా చెప్పుకుంటారు. అది గొప్ప కాదు బాబూ, కెర్నల్ కి వచ్చిన ప్యాచ్ లు మామూలుగా రీబూట్ చేస్తేనే అమల్లోకి వస్తాయి, రీబూట్ లేకుండా ప్యాచ్ వేసే లైవ్ ప్యాచింగ్ పెట్టుకోకపోతే మూడేళ్ళు రీబూట్ చెయ్యలేదంటే మూడేళ్ళ కిందటి కెర్నల్ తో ఉన్నట్టు. ఆదివారం రాత్రి పదినిముషాలు సైటు ఆపితే కస్టమర్ ఏమీ అనుకోడు, ముందురోజు ఒక మెసేజ్ పెడితే చాలు.

పాపులర్ కాని ఓఎస్ కూడా దేశాన్ని మోయగలదు అనడానికి మన రైల్వేనే సాక్ష్యం. ఢిల్లీలో 1985 లో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది వాక్స్ అనే అప్పటి పెద్ద కంప్యూటర్ల మీద, తర్వాత దేశమంతా కలిపిన ఆ కౌంటర్ల వ్యవస్థ దశాబ్దాల పాటు ఓపెన్‌వీఎంఎస్ అనే ఓఎస్ మీద నడిచింది. ఆ పేరు వెబ్‌సైట్ల సర్వేల్లో ఎక్కడా కనపడదు, మా కుర్రాళ్ళు విననే వినలేదు. కానీ రైల్వే కంప్యూటర్ సంస్థ క్రిస్ లో దాన్ని ఎరిగిన ఇంజనీర్లు కూర్చుని చూసుకున్నారు కాబట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్ కి టికెట్టు దొరికింది మనకి. ఇది చెప్తే లైనక్స్ అభిమానులు ఒప్పుకోరు గానీ, నేను కూడా లైనక్స్ మనిషినే, నా ఇంట్లో పిల్లలు వాడేది కూడా ఉబుంటునే, అయినా చెప్తాను, చూసుకునే మనిషి ఉంటే ఏదైనా ఫరవాలేదు.

మరి చూసుకునే మనిషి ఎందుకు ఉండడు అంటే టెండర్ కాగితంలో ఆ లైన్ ఉండదు కాబట్టి. వెబ్‌సైట్ టెండర్లు చదవండి ఎప్పుడైనా, డిజైన్ ఆకర్షణీయంగా ఉండాలి, మొబైల్ లో తెరుచుకోవాలి, తెలుగు ఇంగ్లీషు రెండూ ఉండాలి, ఫొటో గ్యాలరీ ఉండాలి, ఏడాది హోస్టింగ్, మూడేళ్ళు ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం. ఆ ఏఎంసీలో బ్యానర్లు మార్చడం, నోటీసులు పెట్టడం ఉంటాయి, ఓఎస్ కి నెలనెలా ప్యాచ్ లు వెయ్యాలి, గడువు ఐపోయేలోపు పై వెర్షన్ కి మార్చాలి అని రాసిన టెండర్ నాకు చాలా తక్కువ కనపడింది. రాయకపోతే వెండర్ ఎందుకు చేస్తాడు, అతనికీ జీతాలు కట్టాలి కదా. ఆడిట్ చేయిస్తాం కదా అంటారు, అవును, గవర్నమెంటు సైటు పెట్టాలంటే కేంద్రం సైబర్ భద్రత సంస్థ సెర్ట్ ఇన్ లిస్టులో ఉన్న ఆడిటర్ సేఫ్ టు హోస్ట్ అని సర్టిఫికెట్ ఇవ్వాలి, మంచి పద్ధతే. అది ఇచ్చిన రోజుకి నిజం, రెండేళ్ళ తర్వాత ఆ ఓఎస్ గడువు ఐపోతే ఆ సర్టిఫికెట్ ఫైల్లో ఉంటుంది గానీ సైటుని కాపాడదు.

నేను అందర్నీ ఒకే గాటన కట్టడం లేదు. మన కలెక్టరేట్ సైటు లాంటి జిల్లా సైట్లు కేంద్రం ఐటీ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఎస్3వాస్ ప్లాట్‌ఫామ్ మీద ఉంటాయి, ఓఎస్ వ్యవహారం అంతా ఒక్కచోట నుంచి వాళ్ళే చూసుకుంటారు, ఎవరికి వాళ్ళు సర్వర్ పెట్టుకునే తలనొప్పి లేదు, నా ఓటు అలాంటి దానికే. ఓపెన్ సోర్స్ కి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015 లోనే పాలసీ పెట్టింది, అంతకుముందే 2007 లో కేంద్రం కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్ళు డెబియన్ మీద ఆధారపడి బాస్ లైనక్స్ తయారుచేశారు. కాగితాల మీద మనకి లోటేం లేదు. లోటు ఉన్నదంతా పెద్ద ప్లాట్‌ఫామ్ కిందకి రాని చిన్న సైట్ల దగ్గరే, యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లవి, దేవస్థానాలవి, సొసైటీలవి, ప్రైవేట్ హాస్పిటళ్ళవి. మన జనం ఎక్కువ వివరాలు ఇచ్చేది మళ్ళీ వాటికే.

నేను కోరేది చిన్నదండి. గవర్నమెంటు సైట్ల కింద ఎప్పుడు అప్‌డేట్ చేశారో తేదీ వేస్తున్నారు, గైడ్‌లైన్స్ లో ఉంది అది. దాని పక్కనే ఇంకో లైన్ వెయ్యమనండి, ఈ సైటు నడుస్తున్న ఓఎస్ కి తయారీదారు సపోర్ట్ ఉంది, ఫలానా తేదీన సరిచూశాం అని. ఓఎస్ పేరు, వెర్షన్ చెప్పక్కర్లేదు. పేరు చెప్తే దొంగలకి దారి చూపినట్టు కాదా అని ఒక ఆఫీసర్ గారు నన్ను అడిగారు, సరైన ప్రశ్నే, అందుకే పేరు వద్దు ఉందా లేదా అన్నది చాలు అంటున్నాను. అయినా దొంగ ఆ లైన్ కోసం ఆగడు, టీటీఎల్ చూసి, సర్వర్ పంపే పేరు చూసి, అన్నిటినీ ఆటోమేటిక్ గా గోకుతూనే ఉంటాడు రాత్రింబవళ్ళు, తెలియనిది మనకే. ఆ లైన్ మీద ఒక ఆఫీసర్ పేరు కాకపోయినా హోదా ఉంటే ఇంకా మంచిది, గడువు దగ్గరపడితే అడగడానికి ఒకరు ఉంటారు. గీత దాటకుండా మీ రిపోర్టర్లు కూడా అడగొచ్చు, సైటుని స్కాన్ చెయ్యక్కర్లేదు, అది చట్టప్రకారం గొడవ కూడా, సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టి మీ ఓఎస్ కి సపోర్ట్ ఉందా, ఏ తేదీ దాకా ఉంది, ప్యాచ్ వేసే బాధ్యత ఎవరిది అని అడిగితే చాలు.

ఇంకోటి కూడా రాసి ముగిస్తాను, మా ఊరి పిల్లల గురించి. 2025 అక్టోబర్ లో గూగుల్ వాళ్ళు వైజాగ్ లో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడతాం అని ప్రకటించాక ఇక్కడ ప్రతి ఇంట్లో అదే మాట, మా అబ్బాయికి ఏం నేర్పించమంటారండి అని నన్ను కూడా అడుగుతున్నారు. ఆ సెంటర్లో వరసలు వరసలుగా పెట్టే సర్వర్ల మీద నడిచేది లైనక్సే. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఓఎస్ ల్యాబ్ ఉంది, షెల్ కమాండ్లు కొన్ని, ఫోర్క్ ప్రోగ్రామ్ ఒకటి, షెడ్యూలింగ్ ఆల్గారిథమ్స్, రికార్డు రాయించి సంతకం పెట్టించి వైవా. ఆ పిల్లాడిని మా ఆఫీసులో కూర్చోబెట్టి ఈ సర్వర్ ఏ వెర్షన్ లో ఉంది, ఎప్పుడు గడువు, డేటా పోకుండా పైకి ఎలా మారుస్తావు అంటే బిక్కమొహం వేస్తున్నాడు, తెలివి లేక కాదు, ఎవరూ చేయించలేదు. కేరళలో గవర్నమెంటు స్కూళ్ళలో ఎన్నో ఏళ్ళుగా పిల్లలు లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, మన తెలుగువాళ్ళలోనే స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో మెనూలు కనపడే లైనక్స్ ఎప్పుడో చేసిపెట్టారు. మధురవాడ, రుషికొండ చుట్టుపక్కల ఇన్ని కాలేజీలున్నాయి, ఒక్కో కాలేజీ తన సొంత వెబ్‌సైట్ సర్వర్ నే ఒక లెక్చరర్ గారి పర్యవేక్షణలో ఫైనలియర్ పిల్లల చేతికిచ్చి, ముందు కాపీ మీద ప్రాక్టీస్ చేయించి తర్వాత అసలు దాని మీద ప్యాచ్ వేయించొచ్చు. అంతకంటే మంచి ప్రాజెక్ట్ ఏముంటుంది, ఇప్పుడు బయట కొనుక్కొచ్చి సబ్మిట్ చేస్తున్న ప్రాజెక్టుల కంటే.

తొందర ఎందుకంటే విండోస్ సర్వర్ 2016 కి గడువు 2027 జనవరి 12, ఉబుంటు 22.04 కి మామూలు సపోర్ట్ కూడా 2027 లోనే ఐపోతుంది. ఈ రెండూ మన దగ్గర చాలాచోట్ల ఉన్నాయి. గవర్నమెంటులో ఒక ఎస్టిమేట్ వేసి, మంజూరు తెచ్చి, టెండర్ పిలిచి, వర్క్ ఆర్డర్ ఇచ్చి, డేటా మార్చి, మళ్ళీ ఆడిట్ చేయించేసరికి ఏడాది దాటిపోవడం మామూలే, కాబట్టి ఫైలు కదలాల్సింది ఈ బడ్జెట్ లోనే.

ఇట్లు,
ఒక సర్వర్ అడ్మిన్,
ద్వారకానగర్, విశాఖపట్నం